ఏజెంటు ఎవరి మనిషి?

ఆ వంటగదిలో గట్టు మీద నల్లటి గ్రానైటు రాయి, కిటికీలోంచి తూర్పు వెలుగు. ఆ రెండిటికే నా మనసు పడిపోయింది. 2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, హైదరాబాదు నిజాంపేటలో, నాలుగో అంతస్తులో. పొద్దుటి నుంచి మేం చూసిన ఏడో ఫ్లాటు అది. చూపిస్తున్న కుర్రాడు బండి తాళాలు వేలికి తిప్పుతూ గుమ్మంలో నిలబడి, "అన్నా, సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్రు. టోకెన్ ఎయ్యకుంటే నేను ఆపలేను" అన్నాడు మా ఆయనతో. కాగితాల గురించి అడిగింది నేను. జవాబులు మాత్రం అన్నీ ఆయనకే చెప్పాడు. పది నిమిషాలు తిరక్కుండానే ఫోన్లో యాభై వేలు పంపేశాం. రశీదు కూడా అడగలేదు.

మూడు వారాల తర్వాత బ్యాంకు లాయరు ఫైలు వెనక్కి పంపాడు. నిజాంపేట 2019లో కార్పొరేషన్ అయింది. అంతకుముందు గ్రామపంచాయతీ. ఆ భవనానికి ఉన్నది పంచాయతీ పర్మిషన్, అదీ కింద అంతస్తు కాక పైన రెండు అంతస్తులకే. మేం మోజుపడ్డ వంటగది నాలుగో అంతస్తులో ఉంది. అంటే కాగితం మీద ఆ వంటగదే లేదు. కుర్రాడిని నిలదీస్తే, "ఈ ఏరియాల అన్ని గిట్లనే ఉంటయి అన్నా, బీఆర్‌ఎస్‌కు అప్లై చేసిన రశీదు ఉంది కదా" అన్నాడు. బీఆర్‌ఎస్ అంటే పర్మిషన్ లేని కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం. క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టుకోవడం వేరు, క్రమబద్ధీకరణ కావడం వేరు. ఆ తేడా అతనికి తెలియక కాదు.

టోకెన్ కోసం ఐదు నెలలు తిరిగాం. ఏజెంటును అడిగితే ఓనరుకు ఇచ్చేశానన్నాడు, ఓనరును అడిగితే నాకు ముట్టింది ఇరవయ్యే అన్నాడు. చివరికి ఆ ఇరవై వేలు చేతికొచ్చాయి. ముప్పై వేలు పోయాయి. నాన్న తాడేపల్లిగూడెం పక్కన ఉన్న అరెకరం అమ్మి ఇచ్చిన డబ్బులోంచి పోయాయి. ఆ సంగతి ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

అప్పటి నుంచి ఎవరు ఇల్లు కొంటున్నామని చెప్పినా, ముందుగా ఏజెంటు గురించే మాట్లాడుతున్నాను. అందరూ ఇచ్చే సలహా ఒకటే, నమ్మకమైన ఏజెంటును చూసుకోండి అని. నమ్మకం అనే మాటతో మొదలుపెడితే పప్పులో కాలేసినట్టే అని నా వాదన. అడగాల్సింది ఇది: ఆ మనిషికి డబ్బు ఎవరి నుంచి వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఏ మాట చెబితే వస్తుంది? నేను స్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి దీన్ని లెక్కగానే చూపిస్తాను.

ఫ్లాటు ధర 60 లక్షలు అనుకుందాం. మన దగ్గర పాత ఫ్లాట్లకు సాధారణంగా కొనేవాళ్ళ దగ్గర ఒక శాతం, అమ్మేవాళ్ళ దగ్గర ఒక శాతం కమీషన్ తీసుకుంటారు. కొన్నిచోట్ల రెండు శాతం కూడా అడుగుతారు. ఒక్కొక్క శాతమే వేసుకుంటే బేరం తెగిన రోజున ఏజెంటుకు 1,20,000 వస్తాయి. ఇప్పుడు ఆయన నా తరఫున గట్టిగా మాట్లాడి ధరను 2 లక్షలు తగ్గించాడనుకోండి. నాకు మిగిలేది 2 లక్షలు. ఆయన కమీషన్‌లో తగ్గేది రెండు వైపులా కలిపి 4 వేలు. ధర 2 లక్షలు పెరిగితే ఆయనకు అదనంగా వచ్చేదీ ఆ 4 వేలే. కాబట్టి ధర తగ్గినా పెరిగినా ఆయనకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. బేరం చెడితే మాత్రం మొత్తం 1,20,000 పోతాయి. అందుకే ఆయనకు కావలసింది ఎక్కువ ధర కాదు, త్వరగా తెగడం. "సాయంత్రం ఇంకో పార్టీ" పుట్టుకొచ్చేది అక్కడే.

ఇందులో ఆ కుర్రాడి గుణం కంటే మనం పెట్టిన పద్ధతి పాత్రే ఎక్కువ. కొంటే లక్షా ఇరవై, కొనకపోతే సున్నా. ఆరు ఆదివారాలు పెట్రోలు పోసుకుని తిప్పి, చివర్లో "ఈ ఇంటి కాగితాలు బాగాలేవు, వద్దు" అని చెప్పినవాడికి ఎవరైనా ఒక్క రూపాయి ఇస్తున్నామా? ఇల్లు కొనేటప్పుడు ఏజెంటు నోటి నుంచి మనకు అన్నిటికంటే విలువైన మాట "వద్దు". ఆ మాటకు మనం డబ్బు ఇవ్వం. కాబట్టి ఆ మాట మనకు వినపడదు.

దీనికి తోడు మన చేత్తో మనమే చేసే ఇంకో పని ఉంది. అంతా అయిపోయాక, రిజిస్ట్రేషన్ రోజున, ఒప్పుకున్న ఒక శాతంలో కోత పెట్టడం. "అర శాతం ఇస్తే చాలు, ఏం చేస్తాడు" అని సలహా ఇచ్చినవాళ్ళు మా స్టాఫ్‌రూమ్‌లోనే ముగ్గురున్నారు. చివర్లో కోత పడుతుందని ముందే తెలిసిన ఏజెంటు తన డబ్బు వేరే దారిలో రాబట్టుకుంటాడు. ఆ దారికి బజారులో పేరు కూడా ఉంది, నెట్ రేటు. ఓనరు "నాకు 55 నెట్ రావాలి, పైన ఎంతకు అమ్ముకుంటావో నీ ఇష్టం" అంటాడు. ఏజెంటు మనకు 60 చెబుతాడు, మన ముందే బేరమాడినట్టు ఆడి 58కి ఒప్పిస్తాడు, 3 లక్షలు మధ్యలో ఉండిపోతాయి. పైగా మన దగ్గర ఒక శాతం కమీషన్ కూడా పుచ్చుకుంటాడు. ధర కుదిరేదాకా ఓనరును కలవనివ్వని ఏజెంటుంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. "ఓనరుకు టైము లేదు మేడమ్, నాతోనే మాట్లాడండి" అంటే అక్కడితో ఆగిపోవడం మేలు. ధర ఓనరు నోటితో వినాలి. ప్రతి రూపాయీ ఓనరు ఖాతాలోకే వెళ్ళాలి. బయానా అయినా సరే, టోకెన్ అయినా సరే.

ఆ కుర్రాడి తర్వాత మేం చేసిన రెండో తప్పు "మనవాడు". మా ఆయన ఆఫీసులో ఒకరి బావమరిది, మా జిల్లావాడు, మర్యాదస్తుడు. ఇంటికొచ్చి పెసరట్టు తిని వెళ్ళాడు కూడా. ఆయన చూపించిన ఒక ఫ్లాటుకు లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు, అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే అనుమానించినట్టవుతుందేమో, ఆఫీసులో మాట వస్తుందేమో అని. రెండు వారాలు అలా నోరు కట్టేసుకుని తిరిగాక, ఈ పద్ధతిలో అసలు కొనలేమని తెలిసొచ్చింది. మోసపోలేదు. కానీ మోసం జరిగితే కనిపెట్టే దారి కూడా మాకు లేకపోయింది. మన ఊరు, మన కులం, మన బంధువు అని ఏజెంటును ఎంచుకోవడం మన తెలుగువాళ్ళలో చాలా ఎక్కువ. అక్కడ మనకు దొరికేది భద్రత అనుకుంటాం. నిజానికి మనం పోగొట్టుకునేది ప్రశ్న అడిగే హక్కు. అరవై లక్షల లావాదేవీలో అంతకంటే పెద్ద నష్టం లేదు.

ఇక చట్టం సంగతి. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా, ఏజెంట్లను కూడా లెక్కలోకి తీసుకుంది. బ్రోకరు, దళారి, మధ్యవర్తి, పేరు ఏదైనా సరే. రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టులో బిల్డరు అమ్మే ఫ్లాటునో ప్లాటునో అమ్మిపెట్టాలంటే ఏజెంటు కూడా రెరాలో రిజిస్టరు చేసుకుని ఉండాలి. ఆ నంబరు ప్రతి అమ్మకంలోనూ చూపించాలి. లేకుండా అమ్మితే రోజుకు 10 వేల చొప్పున, ఆ ఫ్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. 60 లక్షల ఫ్లాటుకు అది 3 లక్షలు. అసలు రిజిస్టరు కాని ప్రాజెక్టును ఏజెంటు అమ్మిపెట్టకూడదు. బుకింగ్ రోజునే కొనేవాళ్ళకు రావలసిన కాగితాలన్నీ అందేలా చూడటం కూడా అతని బాధ్యతే. బిల్డరు ధరలో 10 శాతం మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయించాలి.

ఈ నాలుగైదు ముక్కలు తెలిసినవాళ్ళు హైదరాబాదులో "ప్రీలాంచ్" అనే మాట వినగానే లేచి రావాలి. పర్మిషన్ రాకముందే, రెరా నంబరు లేకుండానే, "ఇప్పుడు మొత్తం కట్టేస్తే చదరపు అడుగు సగం ధరకే" అని అమ్మే ఆ పద్ధతిలో, భూమిలో అవిభక్త వాటా పేరుతో కాగితాలు రాసిచ్చి, కూలీనాలీ చేసి దాచుకున్నవాళ్ళ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల దాకా అందరి దగ్గరా వసూలు చేశారు. ఏళ్ళు గడిచినా పునాది పడని చోట్లు ఉన్నాయి. ఆ అమ్మకాలన్నీ బిల్డర్లు ఒక్కరే చేయలేదు. ఊరూరా ఏజెంట్లు చేశారు. బంధువులను, స్కూలు స్నేహితులను, అపార్ట్‌మెంటు పక్కింటివాళ్ళను పట్టుకొచ్చి చేశారు. ప్రీలాంచ్‌లో ఏజెంటుకు దొరికే కమీషన్ మామూలు ఫ్లాటు మీద వచ్చేదానికంటే చాలా ఎక్కువ. ఎందుకంత ఇస్తున్నారని అడిగిన ఏజెంటే కొనేవాళ్ళకు కావలసిన మనిషి.

అయితే రెరాకు ఒక హద్దు ఉంది, అది చాలామందికి తెలియదు. నాకూ మొదట్లో తెలియదు. ఒకరు కొనుక్కుని పదేళ్ళు ఉండి అమ్ముతున్న పాత ఫ్లాటు, రీసేల్ అంటామే, దాన్ని అమ్మిపెట్టే ఏజెంటుకు రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మాలాంటి మధ్యతరగతి వాళ్ళు ఎక్కువగా కొనేది అవే. జిరాక్సు షాపు పక్కన గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టుకుంటే ఎవరైనా ఏజెంటే. మహారాష్ట్రలో రెరా ఏజెంట్లు శిక్షణ తీసుకుని పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలని నిబంధన పెట్టారు. రీసేల్ చేసేవాళ్ళకూ అలాంటిది ఉండాలని గట్టిగా కోరుకుంటాను. అది వచ్చేదాకా పరీక్ష పెట్టాల్సింది మనమే.

మూడో ఏజెంటు దగ్గరికి మమ్మల్ని పంపింది మా స్కూలు ఆయమ్మ. బాచుపల్లి వెళ్ళే రోడ్డులో చిన్న గది, ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పాత సర్వే పటం జిరాక్సు. ఆ పెద్దాయన చాలా ఏళ్ళు ఒక డాక్యుమెంట్ రైటరు దగ్గర పనిచేశారట. బడ్జెట్ ఎంత అని అడగలేదు. "చేతిల ఎంత ఉంది, లోన్ ఎంత తీస్తరు, ఏ బ్యాంకు?" అని నన్నే అడిగారు. ఇల్లు ఎప్పుడు చూపిస్తారని అడిగితే తల అడ్డంగా ఊపారు. "ఇల్లు చూస్తే మీ కండ్లు ఆడనే ఉంటయి మేడమ్. ముందుగాల కాయితాలు చూద్దాం."

ఆ ఒక్క మాటతో ఏడు ఫ్లాట్ల ఆదివారం మొత్తం నాకు అర్థమైంది. వంటగది చూశాక కాగితాలు చదివే కళ్ళు మనకు ఉండవు.

తర్వాత ఆయన తన లెక్క చెప్పారు. ఒక ఇంటి కాగితాలు చదివి, ఆఫీసుల చుట్టూ తిరిగి, మంచిదో కాదో చెప్పినందుకు 5 వేలు. కొన్నా, కొనకపోయినా. కొంటే రిజిస్ట్రేషన్ అయిన రోజున ఒక శాతం, అందులో ఈ డబ్బు మినహాయింపు. అమ్మేవాళ్ళ దగ్గర కూడా తీసుకుంటాను, ఇద్దరికీ చెప్పే తీసుకుంటాను అన్నారు. తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆయన రెండు వైపుల మనిషేనని నాకు తెలుసు. కానీ "వద్దు" చెప్పినా ఆయన పొయ్యి వెలుగుతుంది. నేను చూసిన ఏజెంట్లలో ఆ ఏర్పాటు ఉన్నది ఆయన ఒక్కరికే.

మా ఆయన బయటికొచ్చాక, "కొనకపోయినా డబ్బులేంటి?" అని గొణిగారు. రెండు నెలల్లో రెండుసార్లు 5 వేలు ఇచ్చి రెండుసార్లు "వద్దు" అనిపించుకున్నాం. ఒకటి చెరువు పక్క అపార్ట్‌మెంటు. బాల్కనీలోంచి నీళ్ళు కనపడతాయని ఓనరు మురిసిపోతూ చెప్పాడు. పెద్దాయన చెరువు పూర్తిగా నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో చూపించే ఎఫ్‌టీఎల్ పటం తీసి స్కేలు పెట్టి కొలిచారు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకుమించి ఉన్న చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్. అందులో ఇళ్ళు కట్టకూడదు. "పర్మిషన్ కాయితం ఉంది కదండీ" అన్నాను. "కాయితం ఇచ్చినోళ్ళు రేపు ఉండరు మేడమ్, చెరువు ఉంటది" అన్నారు. అప్పటికి చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా పుట్టలేదు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడి, చెరువుల పక్క కట్టడాలు కూలుతుంటే టీవీలో చూస్తూ, ఆ 5 వేలు గుర్తొచ్చి మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మూడోది మేం కొన్నది. 1,150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్, రెండో అంతస్తు, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పర్మిషన్, కట్టడం పూర్తయ్యాక అందులో ఉండొచ్చని ఇచ్చే ఓసీ ఉన్నాయి. ఓనర్లు న్యూజెర్సీలో ఉంటారు, ఇక్కడ వాళ్ళ నాన్నగారికి జీపీఏ, అంటే తమ తరఫున వ్యవహరించే అధికారపత్రం, ఇచ్చారు. ఆ రోజు పెద్దాయన ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్ల జాబితా, చదవడం నేను పక్కన కూర్చుని చూశాను. పెన్సిలు పట్టుకుని కింది నుంచి పైకి, అంటే పాత డాక్యుమెంటు నుంచి కొత్తదాని వైపు వచ్చారు. ఒక్కో అమ్మకం దగ్గర ఆగి, అమ్మినవాడి పేరు అంతకుముందు కొన్నవాడి పేరుతో కలుస్తోందా అని వేలితో చూసుకున్నారు. ఫ్లాటు నంబరుతో ఒకసారి, భూమి సర్వే నంబరుతో ఒకసారి తీయించారు, ఒకదాంట్లో పడనిది ఇంకోదాంట్లో కనబడుతుందని. 2014 వరస దగ్గర పెన్సిలు ఆగింది. బ్యాంకులో దస్తావేజులు పెట్టి అప్పు తీసుకున్నట్టు అక్కడ ఉంది. దాన్ని విడిపించినట్టు తర్వాత ఎక్కడా లేదు.

ఓనరు నాన్నగారు అప్పు తీరిపోయిందని బ్యాంకు ఇచ్చిన ఉత్తరం చూపించారు. నిజమే, తీరింది. కానీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ తాకట్టు రిలీజ్ చేయించలేదు. ఈసీలో ఇల్లు ఇంకా బ్యాంకు గుప్పిట్లోనే ఉంది. మొదటి కుర్రాడైతే ఆ ఉత్తరం చాలనేవాడు. ఈయన, "రిలీజ్ అయ్యేదాకా బయానా తీసుకోకుండ్రి సార్, ఈళ్ళు ఇయ్యరు, నేను ఇయ్యనియ్య" అని ఆ పెద్దమనిషి మొహం మీదే చెప్పారు. ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో ఒక్కసారి కూడా మాకు ఫోన్ చేసి తొందరపెట్టలేదు.

జీపీఏ విషయంలో కూడా ఆయన వదల్లేదు. అందులో అమ్మడానికి, డబ్బు పుచ్చుకోవడానికి, రిజిస్ట్రేషన్ చేయడానికి మూడింటికీ అధికారం రాసి ఉందా అని చూశారు. విదేశంలో రాసిన జీపీఏ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి, అది అయిందా అని చూశారు. ఒక రాత్రి న్యూజెర్సీకి వీడియో కాల్ చేయించి, భార్యాభర్తలిద్దరి నోటితో ధర చెప్పించారు. మామూలుగా 50 లక్షలు, అంతకు మించిన ఇంటికి కొనేవాళ్ళే ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్ళు ఎన్నారైలు అయితే ఆ ఒక శాతం లెక్క చెల్లదు, 50 లక్షల పరిమితీ ఉండదు. కోయాల్సింది చాలా ఎక్కువ, కోయకపోతే ఆ పన్ను మన మెడకు చుట్టుకుంటుంది. "ఇది నా పని కాదు, సీఏ దగ్గరికి పోండ్రి" అని పంపించారు. తన పని ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి. ఎన్నారైల ఫ్లాట్లు ఇన్ని చేతులు మారే మన ఊళ్ళలో ఈ ఒక్క విషయం ఏజెంటును అడిగి చూడండి. "అదేం ఉండదు సార్, మామూలుగానే చేసేద్దాం" అంటే ఆయనతో కొనకండి.

లాయరు సంగతీ ఇలాగే. ఏజెంటు తీసుకొచ్చిన లాయరు మీ లాయరు కాదు. బ్యాంకు లాయరు కూడా మీ లాయరు కాదు. తమ అప్పు వెనక్కి వస్తుందా అన్నంతవరకే బ్యాంకు చూసుకుంటుంది. మేం విడిగా ఒకరిని పెట్టుకున్నాం. ఆ మాట చెబితే పెద్దాయన నొచ్చుకోలేదు, ఫైలు కాపీ ఇంకోటి తీయించి ఇచ్చారు. నొచ్చుకునేవాళ్ళు ఉంటారు. అదీ ఒక పరీక్షే.

ఏజెంటే వద్దు, ఆన్‌లైన్‌లో ఓనరును నేరుగా పట్టుకుందాం అనేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. మంచి లాయరు, తిరిగే ఓపిక, సెలవులు ఉంటే చేయొచ్చు, కాదనను. కానీ ఆ వెబ్‌సైట్లలో ఓనరు అని రాసుకున్న నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేది చాలాసార్లు ఏజెంటే. అదీ కాక, ఆ భవనంలో నీళ్ళు ఎప్పుడు ఆగిపోతాయో, అసోసియేషన్‌లో గొడవ ఎందుకు వచ్చిందో, సెల్లార్లో వానాకాలం ఏమవుతుందో ఆ వీధిలో ఇరవై ఏళ్ళు కూర్చున్నవాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ జ్ఞానానికి విలువ ఉంది. నా తగాదా ఏజెంట్లు ఉండటం మీద కాదు, ఎవరి తరఫున ఉన్నారో చెప్పకుండా ఉండటం మీద.

మా మరిది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు చూస్తున్నప్పుడు, అక్కడి తెలుగు ఏజెంటు ఇల్లు చూపించకముందే కాగితం మీద సంతకం పెట్టమన్నాడని విసుక్కున్నాడు. నేను ఆ కాగితం మొత్తం చదివించుకున్నాను. అమెరికాలో రియల్టర్ల జాతీయ సంఘం మీద అమ్మకందార్లు వేసిన దావాలు 2024 మార్చిలో 41.8 కోట్ల డాలర్లకు రాజీ కుదిరాయి. ఆ ఏడు ఆగస్టు 17 నుంచి, కొనేవాళ్ళ తరఫు ఏజెంటు ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళేముందే తన ఫీజు ఎంతో రాసి ఒప్పందం చేసుకోవాలన్న పద్ధతి వచ్చింది. ఆ ఫీజు బేరమాడుకోవచ్చని కూడా అందులో ఉండాలి. మా మరిదికి అది తలనొప్పి. నాకు మాత్రం అసూయ వేసింది. నిజాంపేటలో ఆ ఆదివారం పొద్దున నా చేతిలో అలాంటి కాగితం ఒకటి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నన్ను అడిగినవాళ్ళకు నేను చెప్పేది తక్కువే. మొదటి రోజే అడగండి: అవతలివాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటున్నారు? ఈ ఏడాది ఎవరికి, ఏ ఇల్లు వద్దని చెప్పారు, ఎందుకు? రెండో ప్రశ్నకు వెంటనే ఒక భవనం పేరు, ఒక కారణం చెప్పగలిగితే కూర్చోండి. కాస్త నవ్వి మాట మార్చితే లేవండి. ఇంట్లో ఆడవాళ్ళు అడిగిన ప్రశ్నకు ఆడవాళ్ళకే జవాబు చెబుతున్నాడా అన్నది కూడా గమనించండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. మా ఇంట్లోలాగే చాలా ఇళ్ళలో కాగితాలు చదివేది వాళ్ళే, వాళ్ళను దాటవేసే ఏజెంటు కాగితాలను దాటవేస్తున్నాడు. ఒప్పుకున్న కమీషన్‌లో చివర్లో పైసా తగ్గించకండి. తగ్గించాలనుకుంటే మొదటి రోజే మాట్లాడుకోండి.

రిజిస్ట్రేషన్ రోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారు. 58 లక్షల ఇల్లు, స్టాంపు డ్యూటీ, ఫీజులు కలిపి 7.5 శాతం అంతకుముందే కట్టేశాం. సంతకాలకు పిలిచేలోపు పెద్దాయన చివరి ప్రింటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి, కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఆస్తి వివరాలు ఉండే షెడ్యూలు చదివారు. మా వాటాకు వచ్చే భూమి 42 చదరపు గజాలు. ప్రింటులో 24 అని పడింది. టైపు చేసినవాడు అంకెలు తారుమారు చేశాడు. మా లాయరు ముందురోజు చూసి సరిచేసిన కాపీ కాకుండా పాత కాపీ ప్రింటు తీశారు. మళ్ళీ తీయించడానికి గంట పట్టింది. క్యూలో వెనక్కి వెళ్ళాం.

మూడున్నరకు వేలిముద్రలు పూర్తయ్యాయి. మెట్ల మీద నిలబడి చెక్కు రాశాను. 58 వేలలోంచి ఈ ఇంటికి ముందే ఇచ్చిన 5 వేలు పోను 53 వేలు. ఆయన చెక్కు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, రశీదు పుస్తకం తీసి, పేరు నాదే రాసి ఇచ్చారు. బండి స్టార్టు చేస్తూ, "కరెంటు మీటరు, ఇంటి పన్ను మీ పేరు మీదికి ఈ నెలలనే మార్పిచ్చుకోండ్రి మేడమ్. అందరు గదే మర్సిపోతరు" అన్నారు.